పైలట్ లేని విమానాలు వస్తాయా? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేస్తాను. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి పెళ్లి పంక్తిలో కూర్చున్నా, కటింగ్ షాపులో కూర్చున్నా ఒకటే ప్రశ్న: "పైలట్లు లేని విమానాలొస్తున్నాయంట కదా?" నేను జవాబు మొదలుపెట్టేలోపు పప్పు వడ్డించేవాడు వచ్చేస్తాడు, అది సగంలో ఆగిపోతుంది. అందుకని జనం అడిగిన మాటల్లోనే ప్రశ్నలు పెట్టి అన్నీ ఒకచోట రాశాను. వరుసగా చదవాల్సిన పనిలేదు, మీకు కావాల్సింది చదువుకోండి.

## ఇప్పుడు కాక్‌పిట్‌లో జరిగేది

విమానం ఎలాగూ ఆటోపైలటే నడుపుతుంది కదా, ఇక పైలట్లు చేసేదేంటి?

ఆటోపైలట్ చెప్పిన పని చెప్పినట్టు చేసే పాలేరులాంటిది. ఈ ఎత్తులో ఉండు, ఈ దిక్కుకు తిరుగు, ఈ వేగం దాటకు అని ఎవరో ఒకరు చెప్పాలి, ఆ చెప్పేది పైలట్. నేల వదిలి కొన్ని వందల అడుగులు ఎక్కాక, మళ్లీ దిగే ముందు దాకా కంట్రోల్స్ మీద చేతులు పెద్దగా ఉండవు, అది నిజమే. కానీ ఎదురుగా ఉరుముల మబ్బు ఉంటే ఎడమ నుంచి పోవాలా కుడి నుంచా, చుట్టు తిరిగితే ఇంధనం ఎంత మిగులుతుంది, దిగాల్సిన ఊళ్లో వాన తగ్గకపోతే ఏ ఊరికి పోవాలి, వెనక ఎవరికైనా గుండెనొప్పి వస్తే ఎక్కడ దింపాలి, ఈ లెక్కలన్నీ వాళ్లవే.

ఎగరకముందు కూడా పని ఉంటుంది. ఓ వాన రాత్రి కో-పైలట్ ఒకమ్మాయి టార్చి పట్టుకుని విమానం చుట్టూ తిరుగుతూ ఒక చక్రం దగ్గర ఆగిపోయింది. టైరు మీద గోరంత కోత. నేను అప్పటికే చూసి, లోతు లిమిట్‌లోనే ఉందని వదిలేసిందే. "ఇంకోసారి కొలుద్దామా సర్" అంది. గేజ్ తెచ్చాను. ఆ అమ్మాయి టార్చి పట్టుకుంటే తడి నేల మీద మోకాళ్లు ఆనించి కొలిచాను, లిమిట్‌లోనే ఉంది. టెక్ లాగ్‌లో (విమానం మీద చేసిన ప్రతి పనీ రాసే పుస్తకం) రాసి సంతకం పెట్టాను, విమానం వెళ్లిపోయింది. టైరులో గాలి ఎంతుందో చెప్పే సెన్సర్లు చాలా విమానాల్లో ఉంటాయి, కోత చూసి అనుమానపడే సెన్సర్ మాత్రం నేనింకా చూడలేదు.

ల్యాండింగ్ కూడా కంప్యూటరే చేస్తుందంట, నిజమేనా?

చేయగలదు. కొత్తది కూడా కాదు. 1965 జూన్‌లోనే లండన్ హీత్రోలో ట్రైడెంట్ అనే బ్రిటిష్ విమానం మామూలు ప్రయాణికులతో ఆటోమేటిక్‌గా దిగింది, లండన్ పొగమంచు బాధ పడలేక తయారుచేసుకున్న విద్య అది. మన ఢిల్లీలో డిసెంబరు, జనవరి పొగమంచులో ఇప్పుడు వాడేదీ దాని వారసత్వమే. అయితే దానికి విమానంలో సిస్టమ్ ఉంటే చాలదు, రన్‌వే దగ్గర ఆ స్థాయి ఐఎల్‌ఎస్ (రేడియో సిగ్నళ్లతో రన్‌వేకి దారి చూపే) పరికరాలు, లైట్లు ఉండాలి, పైలట్లకి ప్రత్యేక శిక్షణ ఉండాలి. ఆ ఏర్పాట్లు ప్రతి ఊళ్లోనూ ఉండవు. గన్నవరంలో చలికాలం పొద్దున్నే విమానాలు గాల్లో చక్కర్లు కొట్టాయన్న వార్త ఏటా చదువుతూనే ఉన్నాంగా.

ఇంకో సంగతి: పక్కగాలి ఒక హద్దు దాటితే ఆటోల్యాండ్ వాడకూడదు, పైలట్ చేత్తోనే దింపాలి. అంటే కన్ను కనపడనప్పుడు యంత్రం, గాలి చెలరేగినప్పుడు మనిషి. మామూలు రోజుల్లో దాదాపు అన్ని ల్యాండింగులూ చేతి ల్యాండింగులే.

మరి టేకాఫ్?

ఇప్పుడు మనం ఎక్కే విమానాల్లో టేకాఫ్ మనిషే చేస్తాడు. ఎయిర్‌బస్ మాత్రం 2019 డిసెంబరులో ఫ్రాన్స్‌లోని టులూస్‌లో ఏ350-1000 విమానాన్ని కెమెరాల సాయంతో దానంతటదే టేకాఫ్ చేయించింది, ఒకే రోజు ఎనిమిది సార్లు. అప్పుడూ కాక్‌పిట్‌లో టెస్ట్ పైలట్లు ఉన్నారు. ఎగరడం కన్నా, పరుగు మధ్యలో ఇంజిన్ పోతే ఆపాలా ఎగరాలా అని క్షణంలో తేల్చుకోవడమే కష్టం.

ఆటోపైలట్ ఎప్పుడొచ్చింది? కంప్యూటర్లు వచ్చాకేనా?

కంప్యూటర్ల కన్నా చాలా ముందు. 1914 జూన్‌లో పారిస్ దగ్గర, సేన్ నది మీద, లారెన్స్ స్పెర్రీ అనే 21 ఏళ్ల అమెరికా కుర్రాడు గైరోస్కోపులు బిగించిన విమానంలో రెండు చేతులూ పైకెత్తి పోటీ జడ్జీల ముందు నుంచి పోయాడు. మళ్లీ వచ్చేసరికి అతని మెకానిక్ రెక్క మీద నడుస్తున్నాడు, విమానం ఒరగలేదు. చివరి రౌండులో ఇద్దరూ చెరో రెక్క మీదికి పోయారు, సీట్లో ఎవరూ లేరు! 50,000 ఫ్రాంకుల బహుమతి కొట్టుకుపోయాడు. నూరేళ్లు దాటిపోయింది. అప్పటి నుంచీ "ఇక పైలట్లు ఎందుకు" అన్న మాట వినపడుతూనే ఉంది.

ఇంతవరకు మనిషి లేకుండా పెద్దది ఏదైనా ఎగిరిందా?

బోలెడు. 1988 నవంబరు 15న సోవియట్ స్పేస్ షటిల్ బురాన్ లోపల ఎవరూ లేకుండా భూమిని రెండుసార్లు చుట్టి, పక్కగాలి గట్టిగా కొడుతుండగా బైకనూర్ రన్‌వే మీద దిగింది. 2001లో అమెరికా మిలటరీ డ్రోన్ గ్లోబల్ హాక్ పసిఫిక్ దాటి ఆస్ట్రేలియా చేరింది. 2023 నవంబరులో కాలిఫోర్నియాలో సెస్నా కారవాన్ అనే సరుకుల విమానం లోపల ఎవరూ లేకుండా సుమారు 12 నిమిషాలు ఎగిరి దిగింది.

మన ఇస్రో చేసింది నాకు అన్నిటికన్నా ఇష్టం. కర్ణాటకలోని చిత్రదుర్గ దగ్గర పుష్పక్ అనే రెక్కల వాహనాన్ని చినూక్ హెలికాప్టర్‌తో నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తుకు తీసుకెళ్లి వదిలేశారు. అది తన దారి తనే వెతుక్కుని రన్‌వే మీద దిగింది. 2023 ఏప్రిల్‌లో ఒకసారి, 2024లో రెండుసార్లు. ఆఖరిసారి కావాలనే 500 మీటర్లు పక్కకి వదిలారు, గాలి కూడా ఎక్కువే, అయినా గంటకు 320 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో నడిగీత మీదికే వచ్చింది. ప్రయాణికుల విమానం దిగే వేగం గంటకు 260 దరిదాపుల్లో ఉంటుంది, పోల్చుకోండి.

కాబట్టి ఎగరగలదా అన్నది ఎప్పుడో తేలిపోయింది. వెనక 180 మందిని కూర్చోబెట్టి, రోజుకు ఆరు ట్రిప్పులు, ఇరవై ఏళ్లపాటు ఎగరగలదా అన్నదే తేలలేదు.

## మరి ఎందుకు ఆగింది

ప్రమాదాలన్నీ పైలట్ల తప్పుల వల్లే కదా, వాళ్లని తీసేస్తే సేఫ్ కదా?

పైలట్ల తప్పులు చాలా ప్రమాదాల్లో ఉన్నాయి, దాచేదేమీ లేదు. 2009లో అట్లాంటిక్‌లో పడిపోయిన ఎయిర్ ఫ్రాన్స్ 447 చూడండి, 228 మంది పోయారు. కానీ అది మొదలైంది ఎక్కడ? వేగం కొలిచే గొట్టాలు మంచుతో మూసుకుపోయాయి, లెక్కలు కలవక ఆటోపైలట్ చేతులెత్తేసింది, చీకట్లో, తుఫాను మబ్బుల మధ్య విమానాన్ని ఉన్నపళంగా మనుషుల చేతిలో పెట్టింది. వాళ్లు తడబడ్డారు. తప్పు పైలట్లదే, ఒప్పుకుందాం. ఆటోపైలట్ తప్ప ఎవరూ లేకపోతే దాన్ని ఎవరి చేతిలో పెట్టేది?

బోయింగ్ 737 మ్యాక్స్ దీనికి తిరగేసిన కథ. ఒకే ఒక్క సెన్సర్ తప్పు చెబితే దాన్ని నమ్మి సాఫ్ట్‌వేర్ ముక్కును కిందికి తోస్తూ పోయింది, పైలట్లు లాగుతూ పోయారు. 2018లో ఇండోనేషియాలో, 2019లో ఇథియోపియాలో, రెండు విమానాలు కూలి మొత్తం 346 మంది పోయారు.

ఇంకో చిక్కుంది. పైలట్ చేసిన తప్పు రిపోర్టులోకి ఎక్కుతుంది, పైలట్ తప్పించిన ప్రమాదం ఎక్కడా ఎక్కదు. అలా తప్పించినవాటిలో బాగా పెద్దవే మనదాకా వస్తాయి. 2010లో సింగపూర్ నుంచి ఎగిరిన ఆస్ట్రేలియా కంపెనీ క్వాంటాస్ వాళ్ల ఏ380లో ఇంజిన్ పగిలి ముక్కలు రెక్కలో దిగబడితే, తెర మీద హెచ్చరికలు పుంఖానుపుంఖాలుగా వచ్చిపడ్డాయి. ఆ రోజు కాక్‌పిట్‌లో అదృష్టవశాత్తూ ఐదుగురు పైలట్లు ఉన్నారు. ఒక్కో హెచ్చరికా చదివి, ఏది నమ్మాలి ఏది నమ్మకూడదని తేల్చుకుని, గంటన్నరకు పైగా కుస్తీపట్టి, 469 మందినీ క్షేమంగా దింపారు.

హడ్సన్ నదిలో దింపిన పైలట్ లాగా కంప్యూటర్ చేయగలదా?

2009 జనవరి 15న న్యూయార్క్‌లో ఒక విమానానికి బాతులు తగిలి రెండు ఇంజిన్లూ పోయాయి, పైలట్ దాన్ని అక్కడి హడ్సన్ నదిలో దింపాడు, మూడున్నర నిమిషాల్లో కథ అయిపోయింది, 155 మందీ బతికారు. తర్వాత సిమ్యులేటర్‌లో పరీక్షిస్తే, పక్షులు తగిలిన మరుక్షణం వెనక్కి తిప్పితే కొన్నిసార్లు ఎయిర్‌పోర్టు చేరగలిగారు. ఏం జరిగిందో అర్థం చేసుకోవడానికి 35 సెకన్లు కలిపి చేస్తే చేరలేకపోయారు. యంత్రం తరఫువాళ్లు ఇక్కడే పట్టుకుంటారు: యంత్రానికి ఆ 35 సెకన్లు అక్కర్లేదుగా అని. నిజమే, కొట్టిపారేయలేను. కానీ రన్‌వే అందదని తేలాక నదిని రన్‌వేగా చూడటం ఉంది చూశారూ, దాన్ని ముందే ఎవరైనా కోడ్‌లో రాసి ఉండాలి, లేకపోతే రాదు.

అహ్మదాబాద్‌లో కంప్యూటరే నడుపుతుంటే ఆ విమానం పడేది కాదా?

వాట్సాప్‌లో తీర్పులు చాలా తిరిగాయి. 2025 జూన్ 12 ప్రమాదంపై నెల తర్వాత వచ్చిన ప్రాథమిక నివేదిక ఏం చెప్పిందంటే, ఎగిరిన కొన్ని సెకన్లకే రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్‌లు సెకను తేడాలో కటాఫ్‌కి (ఇంధనం ఆగిపోయే స్థానానికి) మారాయి, ఎందుకు ఆపావని ఒక పైలట్ అడిగితే నేను ఆపలేదని రెండోవారు అన్నారు. అవి ఎలా మారాయో ఆ నివేదిక చెప్పలేదు. దాన్ని పట్టుకుని మనిషి వద్దనీ, యంత్రం వద్దనీ వాదించడం పోయినవాళ్ల మీద పేలాలు ఏరుకోవడమే.

కార్లే డ్రైవర్ లేకుండా తిరుగుతున్నాయి, ఆకాశంలో ఆటోలు, ఆవులు కూడా ఉండవు, ఇంకా ఈజీ కదా?

ఆవులు లేవు, ఒప్పుకుంటా. కానీ కారుకి ఏదైనా అనుమానం వస్తే పక్కకు తీసి ఆగిపోతుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో డ్రైవర్ లేని కార్లు చేసేదీ అదే. ఢిల్లీ మెట్రో మెజెంటా లైన్‌లో 2020 డిసెంబరు నుంచి డ్రైవర్ లేని రైళ్లు నడుస్తున్నాయి, అక్కడా తేడా వస్తే బ్రేకు వేసి నిలబడిపోవచ్చు. విమానం 35,000 అడుగుల మీద నిలబడలేదు. ఏది చెడిపోయినా, చెడిపోయినదానితోనే ఇంకో గంట ఎగిరి నేల చేరాలి.

డ్రోన్‌లాగా కింద గదిలో కూర్చుని నడపొచ్చుగా?

మిలటరీ వాళ్లు నడుపుతున్నారు. ఇబ్బంది తీగలేని తీగతోనే, అంటే రేడియో లింకుతోనే. ఆ సిగ్నళ్లు మోసే భూస్థిర ఉపగ్రహం (భూమి మీద ఒకే చోటికి ఎదురుగా నిలిచి ఉండేది) 36,000 కిలోమీటర్ల పైన ఉంటుంది. విమానంలో జరిగింది కింద తెలియడానికి పావు సెకను, మీరు చెప్పింది పైకి చేరడానికి ఇంకో పావు సెకను. మబ్బుల పైన దారి మార్చడానికి ఆ అర సెకను లెక్కలోది కాదు, రన్‌వేకి పది అడుగుల ఎత్తులో గాలి తోసినప్పుడు మాత్రం అది చాలా ఎక్కువ. ఇంకా తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహాలతో ఆలస్యం తగ్గుతుంది గానీ లింకు తెగితే ఏంటన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

ఇంకా పెద్ద టెన్షన్, దొంగ సిగ్నళ్లు. అమృత్‌సర్, జమ్మూ వైపు, 2025 నవంబరులో ఢిల్లీ చుట్టుపక్కల కూడా విమానాలకు తప్పుడు జీపీఎస్ సిగ్నళ్లు తగిలాయి. మ్యాప్ మీద విమానం ఉన్నచోట కాకుండా ఇంకెక్కడో కనిపిస్తుంది. పైలట్లు దాన్ని పక్కనపెట్టి వేరే పద్ధతుల్లో దిగారు. "ఇది అబద్ధం చెబుతోంది" అని యంత్రం తన మీద తానే అనుమానపడటం నేర్వాలి, ఆ పని జరుగుతోంది, ఇంకా పూర్తవలేదు.

ఏఐ ఇంత తెలివిమీరింది కదా, ఇంకేం అడ్డం?

సర్టిఫికేషన్. విమానాన్ని కూల్చేంత లోపం వంద కోట్ల గంటల ఎగురుడులో ఒక్కసారికి మించి రాకూడదని ఇంజినీర్లు లెక్క చూపించాలి. అందుకే ఎయిర్‌బస్ ఏ320 విమానంలో ఫ్లైట్ కంట్రోల్ కంప్యూటర్లే ఏడు ఉంటాయి, ఒకటి పోతే ఇంకోటి అందుకుంటుంది. పాత పద్ధతి సాఫ్ట్‌వేర్‌లో ఈ ఇన్‌పుట్ ఇస్తే ఈ జవాబే వస్తుందని గీత గీసి చూపించొచ్చు. నేర్చుకునే ఏఐ దగ్గర ఆ గీత గీయడం కష్టం, వెయ్యిసార్లు బాగా చేసి వెయ్యిన్నొకటోసారి ఎందుకు తప్పు చేసిందో తయారుచేసినవాళ్లే చెప్పలేకపోవచ్చు. నా మట్టుకు నేను ఒక చిన్న వాల్వు మార్చినా ఎవరు మార్చారు, ఎప్పుడు, పార్ట్ నంబరెంత, ఎవరి సంతకం అన్నీ రాయాలి. ఏఐ తీసుకున్న నిర్ణయం కింద సంతకం ఎవరిది?

## వస్తే ఏ వరుసలో వస్తుంది

ముందు ఇద్దర్ని తీసి ఒక్క పైలట్‌నే ఉంచుతారంట?

కంపెనీల చూపు దాని మీదే ఉంది. ఒకప్పుడు కాక్‌పిట్‌లో ఐదుగురు ఉండేవారు: ఇద్దరు పైలట్లు, రేడియో ఆపరేటర్, నావిగేటర్, ఫ్లైట్ ఇంజినీర్. ఒక్కో పెట్టె వచ్చినప్పుడల్లా ఒక్కో మనిషి దిగిపోయాడు. 1980ల్లో వచ్చిన కొత్త విమానాలతో ఫ్లైట్ ఇంజినీరూ పోయాడు. మా సీనియర్లలో ఒకాయన ఆ సీటు గురించి ఇప్పటికీ ఊరు వదిలొచ్చినవాడిలా మాట్లాడతాడు.

ఇప్పుడు ప్రతిపాదన ఏంటంటే, దూర ప్రయాణాల్లో మధ్య భాగంలో ఒకరు నిద్రపోతే ఒక్కరే నడపడం. యూరప్ భద్రతా సంస్థ ఈయాసా దీని మీద అధ్యయనం చేయించింది, ఇప్పుడున్న కాక్‌పిట్‌లతో ఇద్దరున్నంత భద్రత ఉంటుందని చూపించలేమని 2025లో తేలింది. మూత్రానికి పోవాలన్నా ఆలోచించాలి, ఉన్న ఒక్కడికీ గుండెపోటు వస్తే ఏంటి, లోపల తాళం వేసుకున్న ఒక్కడి బుద్ధి చెడితే ఏంటి? 2015లో జర్మన్‌వింగ్స్ కో-పైలట్ తలుపు వేసుకుని విమానాన్ని ఆల్ప్స్ కొండకు కొట్టాడు, 150 మంది. ఒకరు మంచిదా ఇద్దరు మంచిదా అనడిగితే నేను ఇద్దరు లేదా సున్నా అంటాను, ఒకరు మాత్రం వద్దు.

ముందుగా ఏవి పైలట్ లేకుండా ఎగురుతాయి?

చిన్న సరుకుల విమానాలు, ఆ తర్వాత ఊరి మీద తిరిగే ఎయిర్ టాక్సీలు. చైనాలో ఈహాంగ్ వాళ్ల రెండు సీట్ల వాహనానికి పైలట్ లేకుండానే ఎగరడానికి 2023 అక్టోబరులో సర్టిఫికెట్ వచ్చింది. చిన్న దూరాలు, తక్కువ ఎత్తు, ముందే గీసిన దారులు. దాన్నీ హైదరాబాద్ నుంచి డాలస్ పోయే ప్రయాణాన్నీ ఒకే గాటన కట్టకండి.

పైలట్‌కి మధ్యలో ఏమన్నా అయితే విమానం దానంతటదే దిగుతుందా?

చిన్న విమానాల్లో ఆ ఏర్పాటు వచ్చేసింది. గార్మిన్ ఆటోల్యాండ్ అని 2020లో అనుమతి పొందింది. ప్రయాణికుడు ఒక బటన్ నొక్కితే చాలు, దగ్గర్లో తగిన ఎయిర్‌పోర్టు ఎంచుకుంటుంది, రేడియోలో కంట్రోల్ టవర్‌కి తనే చెబుతుంది, దిగి, ఆగి, ఇంజిన్ ఆపేస్తుంది. ఒక్క పైలటే ఉండే విమానాలకి ఇది ప్రాణం. మనం ఎక్కే పెద్ద విమానాల్లో రెండో పైలటే ఆ బటన్.

పైలట్లు లేకపోతే టికెట్ తగ్గుతుందా?

2017లో యూబీఎస్ అనే బ్యాంకు, పైలట్లు లేకపోతే విమానయానానికి ఏడాదికి 3,500 కోట్ల డాలర్లు మిగులుతాయని లెక్కేసింది. అదే బ్యాంకు చేసిన సర్వేలో 54 శాతం మంది అలాంటి విమానం ఎక్కబోమన్నారు, ఎక్కుతామన్నవాళ్లు 17 శాతమే. ఇక మిగిలిన డబ్బు మన జేబులోకి వస్తుందా అంటే, సంక్రాంతికి వైజాగ్ టికెట్ ధర చూసినవాళ్లు ఎవరూ నమ్మరు.

## మన దగ్గర, మన పిల్లలకి

తెలుగు రాష్ట్రాల్లో పైలట్ లేకుండా ఏమైనా ఎగురుతున్నాయా?

మనుషుల్ని మోసేవి లేవు. మందులు మోసేవి ఉన్నాయి. 2021 సెప్టెంబరులో వికారాబాద్‌లో 'మెడిసిన్ ఫ్రమ్ ది స్కై' పేరుతో డ్రోన్లు వ్యాక్సిన్లు, మందులు మోశాయి. 2024 అక్టోబరులో మంగళగిరి ఎయిమ్స్‌లో డ్రోన్ సేవ మొదలైంది. ఇక హైదరాబాద్‌లో తయారైన దృష్టి-10 డ్రోన్‌ని 2024 జనవరిలో నౌకాదళానికి అప్పగించారు, అది ఒకసారి లేస్తే 36 గంటల దాకా గాల్లో ఉండగలదు.

మా వాడు పైలట్ అవుతానంటున్నాడు, అర కోటి పెట్టి చదివిస్తే అప్పటికి ఉద్యోగమే లేకుండా పోతుందేమో అన్నా?

రోబోలకి భయపడి మానిపించకండి. 2023లో ఇండిగో 500, ఎయిర్ ఇండియా 470 విమానాలు ఆర్డర్ చేశాయి. అవన్నీ ఇద్దరు పైలట్ల కాక్‌పిట్‌తోనే వస్తాయి. ఆ డెలివరీలు ఏళ్ల తరబడి సాగుతాయి, వచ్చిన ఒక్కో విమానం ఇరవై ఏళ్లు సునాయాసంగా తిరుగుతుంది. పైలట్ 65 ఏళ్లదాకా ప్రయాణికుల విమానం నడపొచ్చు. ఇప్పుడు 18 ఏళ్లున్న కుర్రాడి చివరి పదేళ్లు ఎలా ఉంటాయో చెప్పలేం గానీ, మొదటి పాతికేళ్లకి ఢోకా కనపడటం లేదు.

భయపడాల్సింది వేరే ఉంది. మన దేశంలో పైలట్లను రోడ్డున పడేసింది రోబోలు కాదు, మూతపడ్డ కంపెనీలు. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్, 2023లో గో ఫస్ట్. లైసెన్సు చేతిలో పట్టుకుని ఏళ్లకేళ్లు ఎదురుచూసినవాళ్లు ఉన్నారు. కాబట్టి ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ ఉన్నాయా చూసుకోండి, డబ్బు కట్టకముందే క్లాస్-1 మెడికల్ చేయించండి, ఇల్లు తాకట్టు పెట్టాల్సి వస్తే మాత్రం ఒకటికి పదిసార్లు ఆలోచించండి.

అయితే ఎప్పటికి వస్తుంది, ఒక్క ముక్కలో చెప్పు?

సరుకులకి పదేళ్లలోపు అక్కడక్కడా. మనుషులతో నిండిన పెద్ద విమానానికి 2050 కన్నా ముందు అంటే నేను నమ్మను. ఇది నా అంచనా, పందెం కాదు.

నువ్వు ఎక్కుతావా?

పదేళ్లపాటు సరుకులు మోసి, దాని టెక్ లాగ్ నేను తిరగేసి చూశాక, ఎక్కుతాను. మా అమ్మని ఎక్కించడం మాత్రం నా వల్ల కాదు. ఇప్పటికీ స్పీకర్లో కెప్టెన్ గొంతు వినపడేదాకా సీటు చేతిని పట్టుకున్న పట్టు వదలదు, వినపడ్డాక నా వైపు తిరిగి "మనవాడేనా?" అని అడుగుతుంది.